పదిహేనడుగుల ముచ్చట

బడంగ్‌పేట్‌లో ఒక మనిషి ఎదిగాడని ఊరికి తెలియడానికి మొన్నమొన్నటి దాకా మూడు గుర్తులు చాలేవి. నాదర్‌గుల్ దిక్కు రెండు ప్లాట్లు, ఇంటి ముందు తెల్ల కారు, బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలంలో ఒక్కసారైనా చెయ్యెత్తే గుండె. ఇప్పుడు ప్లాట్లు అయిపోయాయి. తెల్ల కారు లైసెన్సు రాని పిల్లగాడికి కూడా ఉంది. లడ్డూ సంగతి చెప్పనే అక్కర్లేదు, 1994లో 450 రూపాయలకు పాడుకున్నది 2025లో 35 లక్షలు పలికింది. ఊరు కూడా ఊరుకోలేదు. 2019లో కార్పొరేషన్ అయింది, 2025 చివర్లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఊరే అంత ఎదిగితే ఊళ్లోని పెద్దమనిషి ఎట్లా ఆగుతాడు? ఆయనకు కొత్త హోదా కావాలి. అది మెడలో వేసుకునేదై ఉండాలి, బంగారం కంటే చవకగా రావాలి, ఫొటో చూసిన పక్కింటాయనకు ఆ రాత్రి నిద్ర పట్టకూడదు.

వెతగ్గా వెతగ్గా కొండచిలువ దొరికింది.

మొదట్లో బాల్ పైతాన్ చాలనుకుంటాడు. ఆఫ్రికాది, నాలుగడుగులకు అటూ ఇటూ పెరిగేది, భయమేస్తే ఉండ చుట్టుకుని మధ్యలో తల దాచుకునేది. పాపం, దాని పేరే ఆ భయం వల్ల వచ్చింది. కానీ దోస్తులు పడనివ్వరు.

"గిదేందన్నా, బెల్టంత లేదు. దించితే బర్మీస్ దించాలె. పదిహేనడుగులు. గేటు కాడ పండుకుంటే కొరియరోడు గూడ లోపలికి రాడు."

"కరుస్తదారా?"

"దానికి విషమే లేదన్నా."

అంతే, బేరం కుదిరింది. విషం లేదు కనుక ప్రమాదం లేదు. ఈ లెక్కన పులికి కూడా విషం లేదు.

డీలరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆయనకు దుకాణం ఉండదు, బోర్డు ఉండదు, రసీదు బుక్కు ఉండదు. ఉండేది ఒక వాట్సాప్ నంబరు, అది కూడా నెలకోసారి మారుతుంది. ఆయన చెప్పేవన్నీ నిజాలే. అరవదు, గీకదు, సోఫా మీద వెంట్రుకలు రాల్చదు, పొద్దున్నే వాకింగ్‌కు తీసుకెళ్లమని గుమ్మంలో నిలబడదు. పెద్దదయ్యాక రెండు మూడు వారాలకోసారి తిన్నా దానికి చాలు. ఆయన చెప్పకుండా మింగేసినవి వేరే ఉన్నాయి. మీ అరచేతిలో ఉన్న ఈ రెండడుగుల పిల్ల, తిండి సరిగ్గా పడితే మూడేళ్లలో పదడుగులు దాటుతుంది. ఇరవై ఏళ్లు, ఇంకా పైన బతుకుతుంది. ఇవాళ యూకేజీలో చేరిన మీ అమ్మాయి ఇంజినీరింగ్ ముగించి, డాలస్ చేరి, పెళ్లి చేసుకునే నాటికీ అది మీ ఇంట్లోనే ఉంటుంది. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు "పై గది ఎందుకు తాళం వేశారు బావగారూ?" అని అడుగుతారు. జవాబు ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆ తర్వాత అమ్మాయి పురిటికని మీరిద్దరూ ఆరు నెలలు అమెరికా వెళ్లాలి. తులసి చెట్టుకు నీళ్లు పొయ్యమని పక్కింటి అక్కకు చెప్పి వెళ్లొచ్చు. పాముకు కుందేలు వెయ్యమని చెప్పి చూడండి.

సైజు మీద ఇంకా మోజుంటే రెండు లెక్కలు వినండి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 'బేబీ' అని ముద్దుగా పిలిచిన ఒక బర్మా కొండచిలువ ఉండేది. ఆ పాపాయి బరువు 182 కిలోల పైచిలుకు. కాన్సాస్ సిటీలో 'మెడూసా' అనే రెటిక్యులేటెడ్ పైతాన్‌ను 2011లో గిన్నిస్ వాళ్లు కొలిచారు. పొడవు 7.67 మీటర్లు, బరువు 158.8 కిలోలు, చాచి పట్టుకోవడానికి పదిహేను మంది మగవాళ్లు పట్టారు. మన కాలనీ సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశానికే పదిహేను మంది రారు, అందులో ముగ్గురు టీ తాగి వెళ్లిపోతారు.

పదిహేను మంది మాట సరదాకు అన్నదే గానీ, మనుషుల లెక్క మాత్రం సరదా కాదు. పెద్ద పాముల్ని ఏళ్ల తరబడి పెంచినవాళ్లు పెట్టుకున్న నియమం ఒకటుంది. ఎనిమిదడుగులు దాటిన కొండచిలువ దగ్గరికి ఒంటరిగా వెళ్లకూడదు. అది పెరిగేకొద్దీ పక్కన మనిషిని పెంచాలి, పదిహేనడుగులకు ముగ్గురు ఉండాలి. ఆ పక్కనున్నవాళ్లు వీడియో తీసేవాళ్లు కాకూడదు. పాము చుట్టుకుంటే తోక దగ్గర్నుంచి విప్పడం తెలిసినవాళ్లు, చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు కావాలి. మరి బడంగ్‌పేట్ ఇంట్లో ఆ రెండో మనిషి ఎవరు? ఇంటావిడ పుట్టింటికి వెళ్తానని బ్యాగు సర్దుతోంది. కొడుకు ట్యూషన్‌లో ఉన్నాడు. మిగిలింది అమ్మ, ఆమె పాము కనపడితే దండం పెట్టి కళ్లు మూసుకుంటుంది.

కొండచిలువ ఊపిరాడకుండా నొక్కి చంపుతుందని మనమంతా చిన్నప్పటి నుంచీ విన్నాం. 2015లో అమెరికా శాస్త్రవేత్తలు బోవా పాముల మీద చేసిన పరిశోధనలో తేలింది ఏమిటంటే, ఆ పట్టుకు ఊపిరి కంటే ముందే రక్తప్రసరణ ఆగిపోతుంది. కొన్ని సెకన్లు చాలు. "అరే, ఎవరన్నా రండిరా" అని పిలవడానికి పట్టే సమయమూ అంతే.

ఇక్కడ కాసేపు వెటకారం పక్కన పెడతాను. 2009 జులైలో ఫ్లోరిడాలో ఎనిమిదిన్నర అడుగుల పెంపుడు బర్మా కొండచిలువ రాత్రి తన తొట్టిలోంచి బయటికొచ్చి రెండేళ్ల పాపను చంపింది. ఆ తొట్టికి మూత బదులు బొంత కప్పి ఉంది, పాముకు తిండి సరిగా లేదు. తల్లికీ, ఆమెతో ఉంటున్న వ్యక్తికీ చెరి పన్నెండేళ్ల శిక్ష పడింది. 2013 ఆగస్టులో కెనడాలోని క్యాంప్‌బెల్టన్‌లో ఒక ఆఫ్రికా రాక్ పైతాన్ గాలిగొట్టం గుండా పాకి, నిద్రపోతున్న ఇద్దరు అన్నదమ్ముల మీద పడింది. పిల్లలిద్దరూ లేవలేదు. 2017లో ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో చనిపోయిన యువకుడు పాముల విషయం తెలియనివాడేమీ కాదు, ఏళ్లుగా పెంచుతున్నవాడే. ఎనిమిదడుగుల తన పాముతో ఆ సమయంలో గదిలో ఒక్కడే ఉన్నాడు. మూడు చోట్లా కారణం ఒకటే రకం: మూత లేకపోవడం, కన్నం మూయకపోవడం, పక్కన మనిషి లేకపోవడం. మూడింట్లోనూ పాము తప్పు ఎంత వెతికినా దొరకదు.

సరే, మళ్లీ మన పెద్దమనిషి ఇంటికి వెళ్దాం.

నూట యాభై గజాల్లో కట్టిన ఇల్లు, కింద పార్కింగు, పైన మూడు పోర్షన్లు. గేటుకు బోర్డు: 'టు లెట్. ఫ్యామిలీకి మాత్రమే. బ్యాచిలర్లకు, నాన్‌వెజ్ వండువారికి ఇవ్వబడదు'. ఆ బోర్డు కిందనుంచే రెండు మూడు వారాలకోసారి కుందేళ్లు బుట్టలో పైకి వెళ్తాయి. కోడికూర వాసన వస్తే దేవుడి గది మైలపడుతుందని నలుగురు పిల్లల తల్లిని ఖాళీ చేయించిన ఇంట్లో, బొచ్చుతో సహా మింగే అతిథికి దక్షిణం దిక్కు గది, అటాచ్డ్ బాత్రూం, ఏసీ. అద్దె కూడా లేదు. అడ్వాన్సు అసలే లేదు.

అయినా ఆ గదిలో పాముకు కావలసినవి ఉన్నాయా అంటే, అవీ లేవు. ఫర్నిచర్ దుకాణంలో చేయించిన గాజు పెట్టె ఉంది, అందులో రంగు బల్బు ఉంది. బల్బు వీడియోకు. పాముకు కావలసింది ఒక మూల 32 డిగ్రీల దాకా వెచ్చదనం, ఇంకో మూల 26 దగ్గర చల్లదనం, తనకు ఏది కావాలంటే అటు జరిగే వీలు. తన ఒంట్లో వేడి పుట్టించుకోలేని ప్రాణికి ఆ తేడానే జీర్ణశక్తి, ఆరోగ్యం. ఆ వేడిని పట్టి ఉంచడానికి థర్మోస్టాట్ కావాలి, లేకపోతే హీటరు తగిలి కడుపు కింది చర్మం కాలిపోయేదాకా అది అక్కడే పడుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నలభై దాటుతుంది, జనవరి రాత్రి స్వెటర్ తీయలేం. కరెంటు పోతే ఇన్వర్టర్ ముందు ఎవరికి? టీవీలో మ్యాచ్ నడుస్తుంటే పాము గెలవడం కష్టం. దాగడానికి చీకటి గూడు కావాలి, ఒళ్లంతా మునిగేంత నీళ్ల తొట్టి కావాలి, ఆ నీళ్లు మురికి చేసినప్పుడల్లా మార్చాలి. ట్యాంకర్ కోసం వాట్సాప్ గ్రూపులో తిట్టుకునే కాలనీలో ఈ చివరి ముక్క ఎవరూ ముందు చెప్పరు. అన్నిటికంటే ముఖ్యం తాళం. గాజు తలుపుకు తాళం, గదికి తాళం, కిటికీకి జాలీ, ఏసీ పైపు వెళ్లిన కన్నానికి సిమెంటు. కొండచిలువ అంత పొడవూ కండే. తలుపు వదులుగా ఉంటే రాత్రంతా దాన్ని తోస్తూ కూర్చోవడానికి దానికి బోలెడు తీరిక.

తిండి దగ్గరికి వస్తే మన సంస్కృతి మొత్తం బయటపడుతుంది. అమ్మ పాలు పోయమంటుంది. నాగుల పంచమికి పుట్టలో పోసిన పాలు పాము తాగదని, తాగితే అరగదని, పండగకు ముందు పాములోళ్లు దాన్ని రోజుల తరబడి దాహంతో ఎండబెడతారు కనుకనే ఏది పోసినా నోరు పెడుతుందని ఏటా చెబుతున్నారు. ఏటా పాల ప్యాకెట్లు అమ్ముడవుతూనే ఉన్నాయి. కొడుకు బతికున్న ఎలుకను వెయ్యమంటాడు, వ్యూస్ వస్తాయట. బతికున్న ఎలుక చేతులు కట్టుకుని చావదు, పాము కంటినీ పెదవినీ కొరికి పెడుతుంది. ఆ గాయానికి వైద్యం చేసే డాక్టరు కోసం నగరమంతా ఫోన్లు చేసేసరికి వీడియోకు వచ్చిన లైకుల మోజు దిగుతుంది. పద్ధతి తెలిసినవాళ్లు ముందే చంపి గడ్డకట్టించిన ఎలుకనో కుందేలునో కరిగించి, పొడవాటి పటకారుతో అందిస్తారు. దాన్ని గడ్డకట్టించేది ఎక్కడ? ఫ్రిజ్‌లో. మన ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫ్రిజ్. ఐస్‌క్రీం డబ్బా పక్కన పొట్లం చుట్టిన నాలుగు కుందేళ్లు, పైన అత్తగారు పెట్టిన ఇడ్లీ పిండి. ఈ ఒక్క దృశ్యం తలచుకున్నాక కూడా కొండచిలువ కావాలనే ఇల్లాలు ఉంటే ఆమెకు నా నమస్కారం.

పెంపుడు కొండచిలువలు మనిషిని పట్టుకున్న సందర్భాల్లో చాలావాటి వెనక తిండి వేళ పొరపాటే ఉంటుంది. దాని పెదవుల వెంట వేడిని పసిగట్టే గుంటలుంటాయి, నాలుకతో వాసన పడుతుంది. ఆదివారం పొద్దున చికెన్ కడిగి, చెయ్యి లుంగీకి తుడుచుకుని పెట్టె తలుపు తీసిన మనిషి దాని లెక్కలో యజమాని కాడు, ఆదివారం. అందుకే ముందుగా ఇనుప హుక్కుతో మెల్లగా తట్టి, 'ఇప్పుడు వచ్చింది తిండి కాదు' అని దానికి అలవాటు చేస్తారు. తిన్నాక రెండు రోజులు ముట్టుకోరు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుగుతారు, ఎందుకంటే సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా ఉంటుంది, ఐదేళ్లలోపు పిల్లలకు అది చాలా చెడ్డది. మన ఇంట్లో జరిగేది తెలుసుగా. పాపను పుట్టినరోజు గౌనుతో పాము పక్కన కూర్చోబెట్టి, "భయపడకమ్మా, నవ్వు" అంటాం. పాప ఏడుస్తుంది. పాము ఏడవలేదు కనుక దానికి ఇష్టమేననుకుంటాం.

ఇక చట్టం. మన దేశపు కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఒకటో షెడ్యూలులో ఉంది, పులితో పాటు. పట్టినా, పెంచినా, అమ్మినా మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. "మాది లోకల్ కాదు, ఫారిన్" అని ఛాతీ విరిచేవాళ్ల కోసం ఇంకో అధ్యాయం రాశారు. 2020 జూన్‌లో కేంద్రం ఒక అవకాశం ఇచ్చింది: మీ దగ్గరున్న విదేశీ జంతువుల్ని ఆరు నెలల్లోగా మీ అంతట మీరు చెప్పెయ్యండి, కాగితాలు అడగం. రేషన్ బియ్యానికి వేలిముద్ర అడిగే దేశంలో పాము ఎక్కడి నుంచి వచ్చిందో అడగని ఆరు నెలలు అవి. తర్వాత 2022లో చట్టం సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 ఫిబ్రవరి 28న నిబంధనలు వచ్చాయి. అంతర్జాతీయ ఒప్పందం కింద జాబితాలో ఉన్న ఏ జంతువును పెంచుతున్నా పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పెడితే చెప్పాలి, చస్తే చెప్పాలి, చేతులు మారితే చెప్పాలి. ఇవాళ్టికీ మన కాలనీలో తాత చనిపోయి నాలుగేళ్లయినా మరణ ధ్రువపత్రం తీసుకోని ఇళ్లున్నాయి. పాము పురుడు పోర్టల్‌లో ఎక్కించే శ్రద్ధ ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

బర్మా కొండచిలువ విషయంలో ఇంకో మెలిక ఉంది, డీలరు దీన్ని చచ్చినా చెప్పడు. 2009 దాకా శాస్త్రవేత్తలు దాన్ని మన కొండచిలువకు ఉపజాతిగానే లెక్కపెట్టారు. రెండూ చూపుకు దగ్గరగా ఉంటాయి. పైగా అది మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోనూ ఉంది. అంటే 'ఫారిన్ మాల్' అని మీరు లక్ష పోసి తెచ్చింది అస్సాం నుంచి గోనెసంచిలో వచ్చిందో, నల్లమల నుంచి వచ్చిందో మీకు తెలియదు. అటవీశాఖ ఆఫీసరు వచ్చి అడిగిన రోజున వాట్సాప్ నంబరు చూపిస్తారా?

ఒకవేళ నిజంగానే విమానమెక్కి వచ్చిందనుకుందాం. ఎట్లా వచ్చింది? 2023 ఏప్రిల్‌లో కౌలాలంపూర్ నుంచి చెన్నైలో దిగిన ఒకామె సామానులో 22 పాములు దొరికాయి. అదే ఏడాది డిసెంబరులో బ్యాంకాక్ నుంచి ముంబై వచ్చిన ప్రయాణికుడి దగ్గర బిస్కెట్, కేకు ప్యాకెట్లలో తొమ్మిది బాల్ పైతాన్‌లు, రెండు కార్న్ స్నేక్‌లు. 2024 ఏప్రిల్‌లో బెంగళూరులో ఒకాయన పెట్టెలో పది పసుపు అనకొండలు. ఇవి పట్టుబడినవి. పట్టుబడకుండా శంషాబాద్ రోడ్డెక్కిందో, చెన్నై నుంచి బస్సెక్కిందో, మన పెద్దమనిషి మెడలోకి చేరిన 'బ్యూటీ' ఇట్లాంటి బిస్కెట్ ప్యాకెట్‌లో ఊపిరి బిగబట్టి వచ్చిన సరుకే కావచ్చు. దానితో పాటు బయలుదేరి దారిలో చచ్చినవాటికి ఫొటోలు ఉండవు. "నేను జంతు ప్రేమికుణ్ని బ్రో" అని కింద క్యాప్షన్ మాత్రం ఉంటుంది.

ఈ ప్రేమ ఎంత లోతైనదో తెలియాలంటే వానాకాలంలో అదే కాలనీలో ఒక సాయంత్రం నిలబడాలి. ఖాళీ ప్లాటులో జెర్రిపోతు కనపడింది. ఎలుకలు తిని బతికే పాము, విషం లేదు, ఎవరి జోలికీ రాదు. పది నిమిషాల్లో ఇరవై మంది, ఆరు కర్రలు, ఒక గడ్డపార. కాలనీ మీటింగుకు రాని పదిహేను మందీ ఇక్కడికి వస్తారు. కొట్టినవాళ్లలో ముందు నిలబడేది ఎవరు? విదేశీ పాముకు ఏసీ పెట్టించిన మన అన్నే. "గిది వేరే అన్నా, గిది జంగ్లీ" అంటాడు. బడంగ్‌పేట్, అల్మాస్‌గూడ, కుర్మల్‌గూడల చుట్టూ ఒకప్పుడు రాళ్ల గుట్టలుండేవి. బండల సందుల్లో, తుప్పల్లో మన కొండచిలువలు, ఉడుములు, జెర్రిపోతులు బతికేవి. ఆ బండలు పేల్చి, లెవెల్ చేసి, నీలం రంగు హద్దురాళ్లు పాతాం. లేఅవుటుకు 'గ్రీన్ వ్యాలీ' అని పేరు పెట్టాం. ఇంట్లోంచి తరిమేసిన పాము మళ్లీ ఆ ఇంటి వైపే వస్తే 'పాములు ఎక్కువైపోయాయి' అని ఫిర్యాదు రాశాం. తర్వాత ఆ ఫిర్యాదు రాసిన చేత్తోనే థాయ్‌లాండ్ పాముకు అడ్వాన్సు పంపాం.

గుర్తుపట్టడం కూడా రాదు. రక్తపింజర ఒంటి మీదా, కొండచిలువ పిల్ల ఒంటి మీదా మచ్చలే కనుక రెంటినీ ఒకటనుకునే జనం ఎక్కువ. అందువల్ల విషం లేని కొండచిలువ పిల్ల కర్ర దెబ్బలకు చస్తుంది. ఇంకో రోజు ఎవడో ధైర్యవంతుడు రక్తపింజరను కొండచిలువ అనుకుని సెల్ఫీకి ఎత్తుకుంటాడు. ఆ సెల్ఫీ ఆస్పత్రిలో డాక్టరుకు పనికొస్తుంది.

పాములతో నిజంగా బాధ్యతగా వ్యవహరించేవాళ్లు ఈ నగరంలో లేకపోలేదు. ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి పనిచేస్తోంది. వలంటీర్లు ఉద్యోగాలు చేసుకుంటూనే, అర్ధరాత్రి ఫోన్ వస్తే బైకు మీద వచ్చి, ఏటా వేల పాముల్ని ఇళ్లలోంచి పట్టి అటవీశాఖ ద్వారా అడవిలో వదులుతారు. ఎవరూ మెడలో వేసుకోరు. వాళ్ల దగ్గర సంచి ఉంటుంది, హుక్కు ఉంటుంది, దగ్గర్లో గుంపు కట్టిన జనాన్ని వెనక్కి జరగమని చెప్పే ఓపిక ఉంటుంది. ఆ పద్ధతి మనకు బోరు. మనకు నచ్చింది 2023 జులైలో అల్వాల్‌లో జరిగింది. వానలకు ఇంట్లోకి పాము వచ్చిందని జీహెచ్‌ఎంసీకి ఫిర్యాదు చేసి, ఎంతకీ ఎవరూ రాకపోతే, ఒకాయన ఆ పామునే పట్టుకెళ్లి వార్డు ఆఫీసు టేబుల్ మీద వదిలాడు. వీడియో దేశమంతా తిరిగింది. ఫిర్యాదు చేసినవాడి బాధ నాకు అర్థమైంది, ఆఫీసు వాళ్ల భయమూ అర్థమైంది. ఆ గదిలో ఏ దరఖాస్తూ పెట్టుకోనిది, ఏ దరఖాస్తూ తొక్కిపెట్టనిది పాము ఒక్కటే. ఇప్పుడు బడంగ్‌పేట్ కూడా అదే గ్రేటర్ గొడుగు కిందికి వచ్చింది. పదిహేనడుగులది తప్పిపోయిన రోజున ఏ టేబుల్ వెతుక్కోవాలో అధికారులు ముందే చూసుకుంటే మంచిది.

తప్పిపోకపోయినా ఒక రోజు మోజు పోతుంది. అది ఖాయం. ఆక్వేరియం ఎట్లా పోయిందో, ట్రెడ్‌మిల్ మీద బట్టలు ఎట్లా ఆరుతున్నాయో చూశాం కదా, ఇదీ అంతే. అప్పుడు పెద్దమనిషికి మొదట గుర్తొచ్చేది జూపార్కు. నెహ్రూ జూ 1963 నుంచి ఉంది, అది మన మోజు తీరిన జంతువులకు వృద్ధాశ్రమంగా కట్టలేదు. కాగితాలు లేని పామును, రోగాలేమిటో తెలియని పామును వాళ్లు మన కారు డిక్కీలోంచి దించుకోరు. రెండోది గుర్తొచ్చేది గుర్రంగూడ అడవి. లేదా బాలాపూర్ చెరువు గట్టు. రాత్రి పదకొండు దాటాక, లైట్లు ఆర్పి, గోనెసంచి. "స్వేచ్ఛనిచ్చా" అని ఒక స్టేటస్ కూడా పెట్టొచ్చు.

ఈ స్వేచ్ఛ సంగతి ఫ్లోరిడాను అడగండి. అక్కడ మోజు తీరినవాళ్లు వదిలేసినవీ, 1992లో ఆండ్రూ తుపానుకు కూలిపోయిన పెంపక కేంద్రం నుంచి జారిపోయినవీ కలిసి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో బర్మా కొండచిలువలు కాపురం పెట్టాయి. 2012లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, పాములు ఎక్కువకాలంగా ఉన్న ప్రాంతాల్లో రకూన్‌లు కనపడటం 99 శాతానికి పైగా పడిపోయింది. కుందేళ్లు దాదాపు మాయం. కుక్కలతో వెతికారు, పోటీలు పెట్టి బహుమతులిచ్చారు. చివరికి 2017 జనవరిలో తమిళనాడు నుంచి పాములు పట్టే ఇరుళర్ తెగకు చెందిన ఇద్దరు పెద్దమనుషుల్ని, మాసి సడయన్, వడివేల్ గోపాల్ గార్లను, విమానం ఎక్కించి పిలిపించుకున్నారు. వాళ్లు జాడలు చూస్తూ, చేతిలో ఇనుప కడ్డీ పట్టుకుని రెండు వారాల్లోపే 13 పట్టారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. పాముల్ని పట్టినందుకు పద్మశ్రీ వచ్చినవాళ్లున్నారు గానీ, మెడలో వేసుకున్నందుకు ఎవరికైనా వచ్చిందేమో కనుక్కోండి.

మన వాతావరణం బర్మా కొండచిలువకు ఎట్లా ఉంటుందని అడిగే అమాయకులకు జవాబు: ఫ్లోరిడా వాళ్లూ మొదట్లో అదే అడిగారు. పైగా మన కొండచిలువ దానికి దగ్గరి చుట్టం, కలిస్తే సంకరం పుట్టే ప్రమాదమూ ఉంది. దాని ఒంట్లో ఉండే పరాయి రోగాలూ పురుగులూ మన అడవి పాములకు అంటుకునే ప్రమాదమూ ఉంది. మనం ఇప్పటికే బండలు పేల్చి మన కొండచిలువకు ఇల్లు లేకుండా చేశాం. ఇంకా చుట్టరికాలు కూడా కలపాలా?

ఇంత చెప్పాక కూడా "మాకు డబ్బుంది, స్థలముంది, ఓపికుంది" అనేవాళ్లు ఉండొచ్చు. ఉంటారు. తొందరపడి తిట్టను. కానీ కొనే ముందు ఒక పని చెయ్యండి. గది కట్టండి, థర్మోస్టాట్ పెట్టండి, తాళాలు వెయ్యండి, పరివేశ్ పోర్టల్ నిబంధనలు చదవండి, కొనుగోలు కాగితాలు చట్టబద్ధమైనవో కాదో అటవీశాఖను అడగండి, పాములకు వైద్యం చేసే డాక్టరును కలిసి ఆయన ఫోన్ నంబరు గోడ మీద రాయండి, ఎనిమిదడుగులు దాటినప్పుడు వెంట నిలబడే ఇద్దరి పేర్లు వాళ్ల సంతకాలతో తీసుకోండి, ఇరవై ఏళ్లపాటు ఊరు విడిచి వెళ్లనని మీ అమ్మాయికి చెప్పండి. ఆ ఖాళీ గదిని ఏడాది పాటు అదే వేడిలో, అదే శుభ్రంలో నడిపి చూడండి. రోజూ నీళ్లు మార్చండి. ఏడాది తర్వాత కూడా ఆ గదిలో ఇస్త్రీ బట్టల మూటలు, పాత కూలరు, దసరాకు కొన్న డ్రమ్ము చేరకపోతే, అప్పుడు పాము గురించి మాట్లాడుకుందాం.

ఇక ఇప్పటికే తెచ్చేసుకున్నవాళ్లకు. మన దేశపు కొండచిలువ అయితే ఇవాళే అటవీశాఖకు అప్పగించండి, లాయరుతో మాట్లాడి వెళ్లండి, కానీ వెళ్లండి. విదేశీదైతే నమోదు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ రాత్రే ఆ పెట్టెకు తాళం వెయ్యండి, బొంత కప్పి ఊరుకోకండి. గోనెసంచి పట్టుకుని చీకట్లో గుర్రంగూడ వైపు మాత్రం బండి తిప్పకండి.